పేటల వారీగా చెప్పండి: చిన్న నగరాల పాలకులకు ఒక లెక్కల మాస్టారి లేఖ

చిన్న నగరాల మేయర్లకు, కౌన్సిలర్లకు, కమిషనర్లకు,

నమస్కారం.

మీ ఊళ్లో పేదరికంలో పెరుగుతున్న పిల్లలు ఎంతమంది అని అడిగితే మీ దగ్గర ఒక అంకె ఉంటుంది. పదిహేను శాతమో, ఇరవయ్యో, ముప్ఫయ్యో. ఏటా నివేదికలో ఎక్కడో ఒక మూల అది కనిపిస్తుంది. పక్క ఊరికన్నా తక్కువుంటే ఊపిరి పీల్చుకుంటారు. ఎక్కువుంటే "మనది చిన్న ఊరు, నిధులెక్కడివి" అనేసి అజెండాలో తర్వాతి అంశానికి వెళ్లిపోతారు. ముప్ఫయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ని. ఆ అంకె తప్పని నేననడం లేదు. కూడికలూ భాగహారాలూ సరిగ్గానే ఉంటాయి. కానీ ఆ అంకె ఏ పేటదీ కాదు, ఏ వీధిదీ కాదు.

సగటు లోతు లెక్కగట్టి పిల్లల్ని ఏట్లోకి దింపిన పండితుడి కథ మీరు వినే ఉంటారు. పిల్లలు మునిగిపోయాక కూడా ఆయన ఒడ్డున కూర్చుని, లెక్కలో ఎక్కడా తేడా లేదే అని మళ్లీ మళ్లీ చూసుకున్నాడట. నవ్వులాటకు చెప్పుకునే కథే అయినా, మునిగింది పిల్లలే కావడం నాకెప్పుడూ మనసులో ముల్లులా ఉంటుంది.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పిల్లల పేదరికాన్ని పేటల వారీగా లెక్కించి ఏటా బయటపెట్టండి. శాతంతో పాటు పిల్లల సంఖ్యనూ చెప్పండి. ఇది చేయబోతే మీకు ఎదురయ్యే చిక్కులు కొన్ని నాకు తెలుసు. వాటి గురించే ఈ ఉత్తరం.

ముందుగా "పేదరికం మహానగరాల జబ్బు, మనకంత లేదు" అనే మాట సంగతి. ఇది కనీసం నూట పాతికేళ్ల పాత మాట. 19వ శతాబ్దం చివర్లో చార్లెస్ బూత్ అనే పరిశోధకుడు లండన్‌లో వీధివీధినీ పరిశీలింపజేసి, అక్కడి జనంలో 30.7 శాతం పేదరికంలో ఉన్నారని తేల్చాడు. అంత పెద్ద ఊరు, అలాగే ఉంటుంది అనుకోవడం తేలిక. సీబోమ్ రౌంట్రీ అనే యువకుడు అలా అనుకుని ఊరుకోలేదు. వాళ్లది ఇంగ్లండ్ నగరం యార్క్‌లో చాక్లెట్ ఫ్యాక్టరీ నడిపే కుటుంబం. యార్క్ జనాభా అప్పట్లో సుమారు 75 వేలు, అంటే మీ ఊరంత ఊరు. 1899లో అక్కడి కార్మికుల ఇళ్లకు మనుషుల్ని పంపి 11,560 కుటుంబాల వివరాలు, అంటే 46,754 మంది సంగతి, రాయించాడు. 1901లో ఫలితం అచ్చయింది. నగర జనాభాలో 27.84 శాతం పేదరికంలో ఉన్నారు. ప్రపంచంలోకెల్లా పెద్ద నగరానికీ ఆ చిన్న ఊరికీ తేడా మూడు శాతం కూడా లేదు.

ఆయన చెప్పిన ఇంకో సంగతి పిల్లల విషయంలో మరీ ముఖ్యం. కూలి చేసుకునే మనిషి జీవితంలో లేమి మూడుసార్లు వస్తుందన్నాడు. మొదటిది తన బాల్యంలో. రెండోది పెళ్లయి, తన పిల్లలు ఇంకా సంపాదన వయసుకు రాకముందు. మూడోది ముసలితనంలో. మొదటి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండుసార్లూ ఇంట్లో పిల్లలున్నారు. ఇల్లు ఎప్పుడు బాగా ఇరుకున పడుతుందో సరిగ్గా అప్పుడే పిల్లలు ఎదుగుతుంటారు. అందుకే జనాభా మొత్తం మీద పేదరికం శాతం ఎంతున్నా పిల్లల్లో అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు 2022కి వేసిన అంచనాలో ప్రపంచమంతటా కటిక పేదరికంలో ఉన్న పిల్లలు 33.3 కోట్లు. ప్రపంచ జనాభాలో పిల్లలు మూడో వంతే అయినా, కటిక పేదల్లో సగానికి పైగా వాళ్లే. (తల్లిదండ్రుల సోమరితనం వల్లే ఇదంతా అని సభలో ఎవరైనా లేస్తే ఇది కూడా చెప్పండి: యార్క్‌లో మరీ నిరుపేదలుగా తేలినవాళ్లలో సగానికి పైగా, 51.96 శాతం మంది విషయంలో, ఇంటిపెద్ద రోజూ పనికి వెళుతూనే ఉన్నాడు. వచ్చే జీతం చాలలేదు, అంతే.)

ఇక లెక్కకు వద్దాం. ఒక ఊహా నగరం తీసుకోండి. పిల్లలు 10,000 మంది, వాళ్లలో పేదరికంలో ఉన్నవాళ్లు 2,000. నగరం సగటు 20 శాతం. ఒక పేటలో 600 మంది పిల్లలున్నారు, 360 మంది పేదలు. అక్కడ 60 శాతం. ఇంకో పెద్ద ప్రాంతంలో 5,000 మంది పిల్లలున్నారు, 750 మంది పేదలు. అక్కడ 15 శాతం. మిగిలిన ఊళ్లో 4,400 మందికి 890 మంది.

పేటల వారీగా అంకెలు లేకపోతే 60 శాతం పేట మీకు కనపడనే కనపడదు. ఇరవైలో కలిసిపోతుంది. ఇంతవరకూ అందరూ చెప్పేదే. కానీ పేటల అంకెలు చేతికొచ్చిన వెంటనే పాలకులు రెండో తప్పు చేస్తారు. ఆ 60 శాతం పేటకు పరుగెత్తి, ఉన్న డబ్బంతా అక్కడే పెట్టి, రిబ్బన్ కత్తిరించి, పని అయిపోయిందనుకుంటారు. ఊళ్లోని 2,000 మంది పేద పిల్లల్లో ఆ పేటలో ఉన్నది 360 మంది. మిగతా 1,640 మంది "బాగానే ఉన్నాయి" అనిపించే వీధుల్లో ఉన్నారు. సగటు కన్నా మెరుగ్గా ఉన్న ఆ పెద్ద ప్రాంతంలోనే ఆ పేటలోకన్నా రెట్టింపు మంది పేద పిల్లలున్నారు. శాతం చూస్తే లేమి ఎక్కడ గడ్డకట్టిందో తెలుస్తుంది. సంఖ్య చూస్తే పిల్లలు ఎక్కడున్నారో తెలుస్తుంది. ఒకటి చూపించి ఇంకోటి దాచిన పట్టికను నమ్మకండి, అది మీ సొంత శాఖ తెచ్చిందైనా సరే.

రెండో చిక్కు చిన్న ఊళ్లకే ప్రత్యేకం. మీ అధికారులు చెప్పేదీ ఇదే: "సార్, మన దగ్గర నమూనా చిన్నది, పేటల వారీగా చెబితే నిలబడదు." అది నిజమే. సర్వేలో ఒక పేట నుంచి 40 మంది పిల్లల వివరాలు వచ్చాయనుకోండి. 12 మంది పేదలు, అంటే 30 శాతం. కానీ నమూనా అంత చిన్నదైనప్పుడు అసలు శాతం 16 నుంచి 44 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మరుసటి ఏడు అదే పేటలో 8 మంది తేలారు, అంటే 20 శాతం. "ఏడాదిలో పది శాతం తగ్గించాం" అని మీరు ఫ్లెక్సీ కట్టిస్తారు. నిజానికి ఆ పేటలో ఏమీ మారి ఉండకపోవచ్చు. రెండేళ్లలో వేరువేరు ఇళ్ల తలుపులు తట్టారు, అంతే.

ఈ చిక్కు పెద్ద దేశాలకూ ఉంది. అమెరికా జనగణన శాఖ ఏటా చేసే సర్వేలో, జనాభా 65 వేలు దాటిన ప్రాంతాలకే ఒక్క ఏడాది అంచనాలు ఇస్తుంది. అంతకన్నా చిన్న ఊళ్లకు ఐదేళ్ల సమాచారాన్ని కలిపి ఒక్క అంకె చేస్తుంది. దానివల్ల అంకె నిలకడగా ఉంటుంది కానీ పాతబడి వస్తుంది. నిరుడు ఫ్యాక్టరీ మూతపడితే దాని దెబ్బ ఆ అంకెలో ఐదో వంతే కనిపిస్తుంది. నిలకడ కావాలా, తాజాదనం కావాలా అంటే చిన్న ఊరికి రెండూ దొరకవు. అలాగని చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు. అంకెతో పాటు దాని అనుమానపు హద్దునూ అచ్చువేయండి. "30 శాతం, 14 అటూ ఇటూగా" అని రాస్తే కొంప మునగదు. చదివేవాళ్లకు అర్థమవుతుంది, మీరు అనుకునే దానికన్నా బాగానే అర్థమవుతుంది.

నమూనా సర్వేల మీదే ఆధారపడాలని కూడా లేదు. బూత్‌కు సమాచారం ఇచ్చింది ప్రధానంగా స్కూల్ బోర్డు ఉద్యోగులు. బడి ఈడు పిల్లలున్న ఇళ్లన్నీ తిరగడమే వాళ్ల ఉద్యోగం కాబట్టి ఏ ఇంట్లో ఏముందో వాళ్లకు తెలుసు. మీ ఊళ్లోనూ అలాంటి మనుషులున్నారు, అలాంటి రికార్డులున్నాయి. బడిలో ఉచిత భోజనానికో ఫీజు మినహాయింపుకో అర్హత పొందిన పిల్లల జాబితా, సాయం అందుకునే కుటుంబాల జాబితా, టీకాల రిజిస్టరు. ఇవి నమూనాలు కావు, తలల లెక్కలు. పేర్లు తీసేసి పేటల వారీగా కూడితే చాలు. అయితే వీటిలోనూ కన్నాలున్నాయి. బడి మానేసిన పిల్లాడు బడి జాబితాలో ఉండడు. ఇంకా బడి ఈడు రాని పసిపిల్లలు అసలే ఉండరు. అర్హత ఉండీ దరఖాస్తు పెట్టుకోలేని తల్లి బిడ్డ ఏ కాగితంలోనూ ఉండదు. అధికారిక లెక్కలకూ గుడ్డిచుక్కలుంటాయి. అమెరికా అధికారిక పేదరిక లెక్కలో, కలిసి ఉంటున్న ఇంట్లో ఎవరితోనూ బంధుత్వం లేని 15 ఏళ్ల లోపు పిల్లలకు పేదరికం నిర్ణయించరు. అంటే వేరే కుటుంబం సంరక్షణలో పెరిగే పిల్లలు చాలామంది పేదలూ కారు, పేదలు కానివారూ కారు. లెక్కలోనే లేరు. మీ పట్టిక కింద "ఇందులో లేని పిల్లలు వీళ్లు" అని ఒక వరస రాయించండి. నేను మొదట చదివేది ఆ వరసే.

కాలేజీలున్న ఊళ్లవారికి ఒక చిన్న మాట. అద్దె గదుల్లో ఉండే విద్యార్థుల ఆదాయం సర్వేలో దాదాపు సున్నా కింద పడుతుంది కాబట్టి మీ ఊరి మొత్తం పేదరికం శాతం ఉబ్బి కనిపిస్తుంది. "మాది విద్యార్థుల పేదరికం, అసలు పేదరికం కాదు" అని తప్పించుకోవడానికి అది మీకు పనికొస్తుంది కూడా. పిల్లల శాతం విడిగా చూస్తే ఆ సాకు నిలవదు.

పేదరికం గీత ఎక్కడ గీయాలనేది ఇంకో పెద్ద తగువు. అందులో మిమ్మల్ని ఎక్కువసేపు తిప్పను. ఐరోపాలో చాలాచోట్ల, ఆదాయాలన్నీ వరసలో నిలబెడితే నడిమధ్యన వచ్చేదానిలో 60 శాతం కన్నా తక్కువున్న ఇంటిని పేద ఇల్లంటారు. అమెరికాలో 1960ల్లో మాలీ ఆర్షాన్‌స్కీ అనే ప్రభుత్వోద్యోగిని, 1955 నాటి సర్వేలో కుటుంబాలు ఆదాయంలో మూడో వంతు తిండికి పెడుతున్నాయని చూసి, చౌకలో చౌకైన తిండి ఖర్చును మూడింతలు చేసి గీత గీసింది. ధరలకు తగ్గట్టు సవరిస్తూ ఆ గీతనే ఇంకా వాడుతున్నారు. ఈలోగా అద్దెలు ఎక్కడికో వెళ్లిపోయాయి. బ్రిటన్‌లో అద్దెలాంటి ఇంటి ఖర్చులు తీసేశాక మిగిలే ఆదాయంతో లెక్క కట్టినప్పుడు, 2023-24లో 31 శాతం పిల్లలు, అంటే 45 లక్షల మంది, పేదరికంలో తేలారు. ఆ ఖర్చులు తీయకుండా చూస్తే శాతం బాగా తగ్గిపోతుంది. పిల్లలు వాళ్లే, ఇళ్లు వాళ్లవే. భారత్‌లో నీతి ఆయోగ్ ఆదాయం వదిలేసి పోషణ, చదువు, వంటచెరకు, మరుగుదొడ్డి లాంటి 12 కొలతలతో చూస్తుంది. ఆ లెక్కన బహుముఖ పేదరికం 2015-16లో 24.85 శాతం, 2019-21లో 14.96 శాతం. అది జిల్లాల దాకా వచ్చి ఆగుతుంది, పేటల దాకా రాదు. మీరు ఏ గీతైనా ఎంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఒకసారి ఎంచుకున్నాక మాత్రం మార్చకండి. మార్చక తప్పకపోతే కొన్నేళ్లపాటు పాతదీ కొత్తదీ పక్కపక్కన ఇవ్వండి.

వార్డుల హద్దులకూ ఇదే మాట వర్తిస్తుంది. సగం మురికివాడనూ సగం అపార్ట్‌మెంట్లనూ ఒకే వార్డులో కలిపితే ఆ వార్డు "మామూలు వార్డు" అయిపోతుంది. హద్దులు ఎన్నికల కోసం గీసినవి, పిల్లల కోసం కాదు. జనం నోట ఏ పేట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ హద్దులతోనే లెక్కించండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఒకటుంది. ఒక పేటలో పిల్లల పేదరికం ఐదేళ్లలో 50 శాతం నుంచి 25కి దిగిందనుకోండి. చప్పట్లు కొట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆ పేటలో పిల్లలు పేదరికం దాటారా, లేక పేట దాటారా? రోడ్డు వెడల్పయి, అద్దెలు పెరిగి, పాత కుటుంబాలు ఊరి చివరకి తరలిపోతే కూడా శాతం సగమవుతుంది. పట్టికలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే ఊరి మొత్తం సంఖ్య చూడాలి, శివార్ల సంఖ్య చూడాలి, బడుల్లో ఏడాది మధ్యలో పేరు తీయించుకుని వెళ్లిన పిల్లల లెక్క చూడాలి. ఏడాది మధ్యలో ఖాళీ అయిన బెంచీని నేను చాలాసార్లు చూశాను. ఎక్కడికి వెళ్లారని అడిగితే తోటి పిల్లలకు తెలిసేది, రిజిస్టరుకు తెలిసేది కాదు.

పేట వల్ల నిజంగా తేడా ఉంటుందా, పేదరికం ఎక్కడున్నా పేదరికమే కదా అని మీలో కొందరైనా అంటారు. 1990ల మధ్యలో అమెరికా ప్రభుత్వం ఐదు నగరాల్లో ఒక ప్రయోగం చేసింది. లేమి బాగా పేరుకుపోయిన కాలనీల్లోని కుటుంబాల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్లు పేదరికం తక్కువున్న ప్రాంతాలకు మారడానికి సాయం చేసింది. తర్వాత ఆర్థికవేత్త రాజ్ చెట్టీ, ఆయన సహచరులు ఆ పిల్లల ఆదాయాలను పెద్దయ్యాక పరిశీలించారు. 13 ఏళ్లలోపే మారినవాళ్లు ఇరవయ్యో పడి మధ్యకి వచ్చేసరికి, మారని కుటుంబాల పిల్లలకన్నా దాదాపు 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. 13 దాటాక మారినవాళ్లకు అలాంటి లాభం కనిపించలేదు. ఇందులోంచి అందర్నీ వేరే పేటలకు తరలించాలని అర్థం తీయకండి. పిల్లలు పెరిగే చోటు ముఖ్యమని, ఆలస్యానికి ఖరీదు ఉందని తీయండి.

శాతాలు తగ్గవు అనే నిరాశకూ ఒక జవాబుంది. అమెరికా 2021లో పిల్లలున్న కుటుంబాలకు ఇచ్చే పన్ను రాయితీని పెంచి, అందులో సగాన్ని జులై నుంచి డిసెంబరు దాకా నెలనెలా ఖాతాల్లో వేసింది. ప్రభుత్వ సాయాలన్నీ కలిపి చూసే కొలతలో పిల్లల పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి పడింది. ఏడాది చివర ఆ పెంపు గడువు తీరిపోయింది. 2022లో అదే కొలత 12.4 శాతం చూపించింది. ఒక్క ఏడాదిలో తల్లిదండ్రుల స్వభావం అంతగా మారిపోదు కదా. అలాంటి సాయం మీ పరిధిలో లేదని నాకు తెలుసు. మీ పరిధిలో ఉన్నది అర్హులను వెతికి పట్టుకోవడం. అది పేట తెలియకుండా సాధ్యం కాదు.

పటం వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. 1930ల్లో అమెరికాలో ఒక ప్రభుత్వ సంస్థ 200కి పైగా నగరాల పటాలు వేసి, పేటలకు శ్రేణులిచ్చి రంగులు పూసింది. నల్లజాతివారు ఉండే పేటలు చాలావరకు ఎరుపులో పడ్డాయి. ఇంటి అప్పులివ్వడానికి ఇవి ప్రమాదకరమైన చోట్లని ఆ రంగుకి అర్థం. మీ పటం కూడా రేపు ఇళ్లు అద్దెకిచ్చేవాళ్ల చేతికి, అప్పులిచ్చేవాళ్ల చేతికి, పెళ్లి సంబంధాలు చూసేవాళ్ల చేతికి వెళుతుంది. కాబట్టి ఏ పేటనూ మొదటిది, ఆఖరిది అని ర్యాంకు ఇవ్వకండి. పది మందికన్నా తక్కువ పిల్లలు తేలిన చోట సంఖ్య అచ్చువేయకండి, చిన్న ఊళ్లో ఆ పది మంది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. లేమి ఎంతుందో చూపించిన పేజీలోనే ఆ పేటకు బడి, క్లినిక్, బస్సు ఎంత దూరమో కూడా చూపించండి. అప్పుడు సిగ్గుపడాల్సింది పేటవాళ్లు కాదని తెలుస్తుంది.

ఇదంతా ఎవరైనా చేస్తున్నారా అంటే చేస్తున్నారు. స్కాట్లాండ్‌లో 2017 నాటి చట్టం ప్రకారం ప్రతి స్థానిక పాలక సంస్థ, అక్కడి ఆరోగ్య బోర్డుతో కలిసి, పిల్లల పేదరికం తగ్గించడానికి ఏం చేసిందో, ఇకపై ఏం చేయబోతోందో ఏటా నివేదిక ఇవ్వాలి. న్యూజిలాండ్ 2018లో చట్టం చేసి, లక్ష్యాలు పెట్టుకుని, ఎంతవరకు వచ్చిందో బడ్జెట్‌తో పాటు చెప్పడం మొదలుపెట్టింది. బ్రిటన్‌లో దీనికి ఎదురుగా జరిగింది. 2010 చట్టంలో పెట్టుకున్న లక్ష్యాలను 2016లో ఎత్తేశారు. లెక్కల ప్రచురణ మాత్రం చట్టంలో మిగిలింది. లక్ష్యాలు పోయినా, పిల్లల పేదరికం ఎటు పోతోందో జనానికి తెలుస్తూనే ఉందంటే ఆ ప్రచురణ వల్లే. ఐక్యరాజ్య సమితి దేశాలన్నీ 2030కల్లా తమ తమ నిర్వచనాల ప్రకారం పేదరికాన్ని కనీసం సగానికి తగ్గిస్తామన్నాయి, అందులో పిల్లల్ని పేరుపెట్టి చెప్పాయి. ఆ గడువు మీ పదవీకాలంలోనో దాని అంచునో ఉంటుంది.

వచ్చే బడ్జెట్ సమావేశంలో ఒక పట్టిక పెట్టండి. పేట పేరు, మొత్తం పిల్లలు, పేదరికంలో ఉన్న పిల్లలు, శాతం, అనుమానపు హద్దు, నిరుటి అంకె. ప్రతి కౌన్సిలరూ తన పేట వరసను లేచి నిలబడి చదవాలి. అధ్యక్షుల వారు చదివినట్టు భావించి ఆమోదించడం కుదరదు. లెక్క దగ్గర ఎక్కడైనా చిక్కుపడితే కాగితాలు నాకు పంపండి. రిటైరయ్యాను, తీరిక చాలానే ఉంది, ఎర్ర సిరా పెన్ను ఇంకా పనిచేస్తోంది.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు